సున్నం వేసిన తొమ్మిది కుప్పలు

నా యంత్రం ఒక బిందువు స్థానాన్ని రెండు సెంటీమీటర్ల తేడాకు మించకుండా చెబుతుంది. ఎల్లారెడ్డి వైపు ఒక ఊరి శివారులో, ఒక వేసవి ఉదయం, అదే కచ్చితత్వంతో నేను తొమ్మిది తప్పుడు బిందువులను నమోదు చేశాను. యంత్రంలో లోపం లేదు. ఆకాశం నిర్మలంగా ఉంది, కావలసినన్ని ఉపగ్రహాలు అందాయి, ప్రతి బిందువు దగ్గరా నిర్ణీత సమయం నిలబడ్డాను. నేను కొలిచిన వస్తువే వేరు.

కామారెడ్డిలో ఒక అద్దె గదిని కార్యాలయం చేసుకుని, కాంట్రాక్టు మీద భూముల కొలతల పని చేస్తున్న రోజులవి. అడవికీ పట్టా భూములకూ మధ్య హద్దు తేల్చడానికి అటవీ శాఖా రెవెన్యూ శాఖా కలిసి ఉమ్మడి సర్వే పెట్టాయి. ఒకే భూమి ఒక శాఖ కాగితంలో అడవిగా, ఇంకో శాఖ కాగితంలో సాగుభూమిగా ఉండటం మా వైపు వింత కాదు. ఏ శాఖకు ఆ శాఖ తన కాగితమే సరైనదని నమ్ముతుంది. ఆ రెండు కాగితాలకూ ఉమ్మడిగా ఉన్న నేలలో మాత్రం ఎవరో ఒకరు ఏటా విత్తనం వేస్తూనే ఉంటారు.

అటవీ శాఖ తన హద్దు వెంట, కొంత కొంత దూరానికి, రాళ్ళు పేర్చి కుప్పలు కడుతుంది. వాటిని హద్దు కుప్పలంటారు. దూరం నుంచి కనబడాలని వాటికి సున్నం వేస్తారు. ఒక్కొక్క కుప్ప మీదా యంత్రం నిలిపి, వచ్చిన బిందువులను కలిపి గీత గీయడం నా పని. గీతకు ఎగువన ఉన్నది అడవి. దిగువన ఉన్నది ఊరు.

దారి చూపడానికి అటవీ శాఖ తన వాచర్‌ను నా వెంట పంపింది. యాభై దాటిన మనిషి, ఆ ఊరివాడే, రోజుకూలీ మీద పనిచేసేవాడు. యంత్రం మూడు కాళ్ళనూ భుజాన వేసుకుని, ఎక్కువ మాట్లాడకుండా ముందు నడిచాడు. అతను తక్కువ మాట్లాడటం నాకు నచ్చింది. కారణం ఆలోచించలేదు.

ఆ తొమ్మిది కుప్పలు ఒక చెల్క కింది గట్టు వెంట ఉన్నాయి. చెల్క అంటే వాన మీద ఆధారపడే ఎర్ర నేల. దానికి ఒక పక్క వాగు, ఇంకో పక్క పెద్ద బండ, పైన పులికంప పొదలు అల్లుకున్న గుట్ట. కుప్పలు తెల్లగా, దాదాపు వరుసగా, కొలవడానికి ఎంతో వీలుగా ఉన్నాయి. నాలుగోదాని మీద యంత్రం పెట్టబోతుంటే, అరవై దాటిన ఒకావిడ చెల్కలోంచి నెత్తిన గంపతో దిగి వచ్చి, గంపెడు రాళ్ళను ఆ కుప్ప మీద బోర్లించింది.

"అవ్వా, దాని మీద రాళ్ళు వేయొద్దు. అది సర్కారు హద్దు" అన్నాను.

ఆమె కుప్పను చూసింది, నన్ను చూసింది, చివరికి వాచర్‌ను చూసింది.

"గిదా?"

"అదే."

"మరి ఏడ పొయ్యాలె సారూ?"

"ఇంకెక్కడైనా."

"ఇంకేడ పోస్త? నలభై ఏండ్ల సంది గీడనే పోస్తున్న."

"వదినా, సారు పనిల ఉన్నడు. జర ఆగరాదు" అన్నాడు వాచర్, నేల చూస్తూ.

ఆమె ఆగింది. నేను కొలిచాను. నలభై ఏళ్ళుగా అన్న మాటను నేరం ఒప్పుకోవడంగా అర్థం చేసుకున్నాను. రిమార్కుల గడిలో నా చేతితోనే ఇలా రాశాను: "స్థానికులు హద్దు కుప్పలపై రాళ్ళు వేయుచున్నారు. హెచ్చరించడమైనది."

వానాకాలంలో హద్దుల పటం, మా వైపు మాటలో నక్ష, తయారైంది. నేను, ఆ ప్రాంతపు అటవీ శాఖ బీట్ ఆఫీసర్, మండలపు గిర్దావర్ దాని మీద సంతకాలు చేశాము. గిర్దావర్ అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్. నిజాం పోయినా మా వైపు ఆ పేరు పోలేదు. ఆ నక్ష ప్రకారం గీత వెంట కందకం తవ్వాలని అటవీ శాఖ నిర్ణయించింది. అందులో అన్యాయమేమీ లేదు. పోచారం వైపు నుంచి ఇటు దాకా అడవి అంచు ఎక్కడా ఒకేసారి తరగలేదు. ఏటా ఒక సాలు చొప్పున తరిగింది. సాలుకు సాలు కలుపుకుంటూ పోయిన రైతును అడిగితే తన నాగలి ఎప్పుడూ పాత గట్టు దాటలేదనే చెబుతాడు, నమ్మే చెబుతాడు. గీత కనబడితే తప్ప వాదన ఆగదు. కందకం బాగా కనబడుతుంది.

దసరా తర్వాత ఒక శుక్రవారం ఆ అవ్వ కామారెడ్డిలో నా గది వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో పాసుబుక్కు, చంకలో బియ్యపు సంచి.

"గుర్తువట్టినవా సారూ?"

ముఖం గుర్తు లేదు. గంప గుర్తుంది. ఆ మాటే చెప్పాను.

"గంపనన్న గుర్తున్నది, సంతోషం" అని ఆమె సంచిలోంచి రెండు రాళ్ళు తీసి, నా బల్ల మీద, నక్ష మీదనే పెట్టింది. రెండింటికీ ఒక పక్క సున్నం ఉంది. "గిది మా కుప్పల రాయి. గిది వాగు అవతల సర్కారు కుప్పల రాయి. గీకి సూడు."

తాళపు చెవితో గీకాను. మొదటి రాయి మీద సున్నం రాలితే కింద కూడా తెలుపే ఉంది, పలుగురాయి. రెండోదాని మీద రాలితే కింద ముదురు బూడిద రంగు తేలింది. గుట్ట రాయి.

"మా చెల్కల నల్లరాయి ఒక్కటి దొర్కదు. ఏరి ఏరి నా నడుం వోయింది, నాకు తెల్వదా? దున్నినప్పుడల్లా పలుగురాళ్ళే లేస్తయి. ఎండకాలమంత ఏరుడు, కింది గట్టుకు మోసుడు. మీరు రాళ్ళను కొల్వలే సారూ. సున్నాన్ని కొల్చిండ్రు."

నేను కంప్యూటర్ తెరిచి ఆ చెల్కను పెద్దది చేసి చూశాను. నేల వాలును చూపే రేఖలు మొదటి రోజు నుంచీ అదే తెర మీద ఉన్నాయి. గుట్ట నుంచి ఊరి వైపు వాలు. నెత్తిన బరువున్న మనిషి ఎగువకు నడవడు, ఏరిన రాళ్ళు ఎప్పుడూ దిగువ గట్టుకే చేరతాయి. అడవి హద్దు మాత్రం ఎగువన ఉండాలి. ఈ విషయం తెలుసుకోవడానికి ఉపగ్రహాలు అవసరం లేదు. ఒక గంప రాళ్ళు మోసి ఉంటే చాలు.

"ఈ రెండో రాయిని మీరే తెచ్చారా?" అడిగాను.

"నేనే తెచ్చిన."

"అవ్వా, హద్దు కుప్ప నుంచి రాయి తీయడం నేరం."

"ఆనాడు ఎయ్యద్దంటివి. ఈనాడు తియ్యద్దంటివి. మరి ఏం జెయ్యాలె?"

"తిరిగి అక్కడే పెట్టాలి."

"పెడ్త. నువ్వు గూడ రా, యాడ పెట్టాల్నో సూపిద్దువు గాని."

తర్వాత పాసుబుక్కు తెరిచింది. అందులో ఎకరం ఇరవై రెండు గుంటలు ఉంది. నా గీత ప్రకారం ఆమెకు మిగిలేది సున్న. కింది గట్టు వెంట అప్పటికే ఎర్ర జెండాలు పాతారు. సోమవారం జేసీబీ వస్తుందని చెప్పారట. కొడుకు దుబాయిలో ఉన్నాడు, ఇంట్లో కోడలు, ఇద్దరు పిల్లలు. చెల్క నిండా కంది నిలబడి ఉంది.

"గింత భూమి వోతే నేను ఇంకొకల చెల్కల కూలికి వోవాలె" అందామె. గొంతులో ఏడుపు లేదు, లెక్క చెబుతున్నట్టే అంది. "గీ వయసుల నన్నెవలు వెట్టుకుంటరు సారూ? నువ్వు వెట్టుకుంటవా?"

నా దగ్గర ఆమెకు తగిన పని లేదని చెప్పాను. ఆ ప్రశ్నకు అది జవాబు కాదని తర్వాత తెలిసింది.

ఆమె ఉండగానే బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చేశాను. ముప్పై దాటని అమ్మాయి, పక్క జిల్లా నుంచి బదిలీ మీద వచ్చింది. నేను చెప్పింది మొత్తం విన్నది.

"సార్, ఆ నక్ష మీద మూడు సంతకాలున్నయి. మార్చాలంటే మళ్ళ మూడు గావాలె" అంది.

"జేసీబీ సోమవారం అంటున్నారు."

"అయితే ఆదివారం పోదాం. గిర్దావర్ సాబ్‌కు నేను చెప్త. పాత గ్రామ నక్ష తెమ్మంట."

ఆదివారం పొద్దున్నే చెల్క దగ్గర ఐదుగురం కలిశాము: అవ్వ, బీట్ ఆఫీసర్, గిర్దావర్, వాచర్, నేను. ముందుగా వాగు దాటి, ఆ నల్లరాయిని దాని కుప్పలో పెట్టించాము. బీట్ ఆఫీసర్ ఫోటో తీసుకుంది. తిరిగి వచ్చాక అవ్వ కింది గట్టు మీద కూర్చుని వాచర్ వైపు చూసింది.

"ఏమయ్యా మరిదీ, మా ఇంటికి సున్నం ఎయ్యుమంటే మూడేండ్ల సంది రేపు మాపు అంటవు. మా రాళ్ళకైతే అడగకుండనే ఏసినవ్. గంత ప్రేమ ఎప్పటిసంది?"

బీట్ ఆఫీసర్ అతని వైపు తిరిగింది. "చెప్పు అన్నా. నిన్ను ఎవ్వరు కొట్టరు."

"మేడం, గ్రూపుల మెసేజ్ వచ్చింది గద" అన్నాడు చివరికి. "లిస్టుల ఇరవై ఎనిమిది కుప్పలున్నయి. సాయంత్రం వరకు అన్నిటికి సున్నమేసి ఫోటోలు వెట్టుమన్నరు. నేను గుట్టంత తిరిగిన. పందొమ్మిది దొర్కినయి."

"మిగిలినయి?" అన్నది అవ్వ.

"తొమ్మిది తక్కువ వడ్డయి."

"మా కాడ తొమ్మిదున్నయి."

"గదే మరి" అన్నాడు వాచర్. "లెక్క సరిపోయింది."

బీట్ ఆఫీసర్ ఫోన్ తీసి పాత ఫోటోలు వెనక్కి జరుపుకుంటూ పోయింది. ఒక చోట ఆగింది. "వీటిని ఆఫీసుకు పంపింది నేనే" అంది. ఎవరూ అడగలేదు, తానే చెప్పింది. ఆ ఫోటోలను చూసే నాకు కుప్పల జాబితా ఇచ్చారు. ఆ జాబితాను చూసే నేను కొలిచాను. నా కొలతను చూసే గిర్దావర్ సంతకం చేశాడు.

ఈ వరుసలో తాను చివరివాడు కావడం గిర్దావర్‌కు కొంత ఊరటగా ఉన్నట్టుంది. ధీమాగా సంచిలోంచి గ్రామ నక్ష తీసి గట్టు మీద పరిచాడు. గుడ్డకు అంటించిన పాత కాగితం. ఎనిమిది మడతలు. అవ్వ చెల్క ఉండాల్సిన చోట, నాలుగు మడతలు కలిసే దగ్గర, పావలా బిళ్ళంత రంధ్రం ఉంది.

"ఎలుక కొరికిందా సారూ?" అవ్వ వంగి చూసింది.

"మడత అవ్వా. మడతల చిరిగింది."

"ఊరంత మంచిగున్నది. మా చెల్కనే దొర్కిందా చినగనీకి?"

"నేను చింపలే అవ్వా. నాకంటే ముందటోళ్ళు మడిచిండ్రు."

ఇక మిగిలిన మార్గం అసలు కుప్పలను వెతకడం. లిస్టులో ఉండి, పులికంప పొదల్లో వాచర్‌కు కనబడకుండా పోయినవి అవే. అవ్వ మేకలు కాసిన రోజుల్లో వాటిని చూసింది. ఆమె కింద నిలబడి "జర ఎడమకు, ఇంకా పైకి, గా మోదుగు చెట్టుకెల్లి పది అడుగులు" అంటుంటే వాచర్ గొడ్డలితో పొదలు నరుకుతూ పోయాడు. అతను ఆ రోజు పనిచేసినంతగా ఎవరూ పనిచేయగా నేను చూడలేదు. చేతుల నిండా ముళ్ళు గీరుకుపోయినా ఆగలేదు. మధ్యాహ్నం దాకా ఆరు కుప్పలు దొరికాయి. రాళ్ళు చెదిరినా అడుగు పేర్పు అలాగే ఉంది. అన్నీ నల్లరాళ్ళు. ఒకదాని నడుమ అంకె చెక్కిన రాయి దొరికింది. బీట్ ఆఫీసర్ చేత్తో మన్ను తుడిచి, అంకెను తన లిస్టుతో పోల్చి, "ఇదే" అంది.

ఈసారి నేను ముందు ప్రతి రాయినీ ముట్టుకున్నాను. తర్వాతే యంత్రం పెట్టాను.

మిగిలిన మూడు దొరక్కపోయినా, ఆ ఆరింటితోనే గీత వచ్చింది. చెల్క మొత్తం గీతకు దిగువనే ఉంది, పడమటి ఎగువ మూల తప్ప. ఆ మూలలో నాలుగు గుంటలు గీత దాటి అడవిలో ఉన్నాయి. యంత్రం జరిపి రెండోసారి కొలిచాను. నాలుగే వచ్చాయి. మూడోసారి కొలవడానికి సాంకేతికంగా కారణమేదీ లేదు, అయినా కొలిచాను. తర్వాత చెప్పాను.

"యాడ?" అన్నది అవ్వ.

చూపించాను. ఆమె ఆ మూల దాకా ఎక్కి, కంది సాళ్ళ మధ్య నిలబడి చూసింది.

"గీ మూలనా? గిది మా ఆయన కొట్టిందే. నా పెండ్లయిన రెండేండ్లకు. ముందుగల్ల గీడ అంత మోదుగు చెట్లుండె."

గిర్దావర్ నుదురు కొట్టుకున్నాడు. "అవ్వా, నిన్నెవలన్న అడిగిండ్రా?"

"సక్కగ కొల్వుమన్నది నేనే గద సారూ. సక్కగ కొల్చిండు. వచ్చింది" అని ఆమె కంది సాలు దాటి ఇవతలికి వచ్చింది. "ఆయన ఉంటే ఒప్పుకోకపోతుండె. ఆయన లేడు."

ఆ నాలుగు గుంటలు పాసుబుక్కులోకి ఎలా ఎక్కాయో గిర్దావర్ చెప్పలేదు, నేను అడగలేదు. ఎకరం పద్దెనిమిది గుంటలు ఆమెవని, నాలుగు గుంటలు అడవివని కొత్త పంచనామా రాశాము. వేలిముద్ర కోసం గిర్దావర్ సిరా డబ్బా మూత తీస్తే ఆమె వద్దంది. "సంతకం వెడ్త. పొదుపు సంఘంల నేర్చుకున్న." ఒక్కో అక్షరం దిద్దుకుంటూ పెట్టింది. మా మూడు సంతకాల కంటే అదే స్పష్టంగా చదవడానికి వస్తుంది.

అప్పుడు ఆమె బీట్ ఆఫీసర్ వైపు తిరిగింది.

"బిడ్డా, భూమి నీదే, తీస్కో. కంది నాది. కాయ ఇంకా గింజ వట్టలే. రేపు జేసీబీ వస్తే ఎట్ల?"

బీట్ ఆఫీసర్ పంచనామా మొదటి నుంచి చివరి దాకా చదివింది. నిలబడి ఉన్న పంట గురించి అందులో ఏ గడీ లేదు. అటవీ భూమిలో ఉన్న పంటను ఉండనిస్తున్నట్టు రాయడానికి ఆమెకు వీల్లేదు. తీసేయమని రాస్తే అది రేపే తీసేయాలి. కలం మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

మోచేతి ముళ్ళు తీసుకుంటున్న వాచర్ తల ఎత్తకుండానే అన్నాడు, "మేడం, కందకం వాగు కాడికెల్లి మొదలువెడ్తే ఈ మూలకు వచ్చేసరికి మస్తు దినాలు వడ్తది. నడుమల గూడ బండ తగుల్తది, జల్ది అయ్యేటి పని గాదు."

"ఎటు నుంచి మొదలు పెట్టాలో ఉత్తర్వుల ఉన్నదా?" అని ఆమె నన్ను అడిగింది.

ఉత్తర్వు నా దగ్గర ఉంది. చదివాను. దిక్కు రాయలేదు. ఆ మాటే చెప్పాను.

"అయితే వాగు కాడికెల్లి" అంది బీట్ ఆఫీసర్, వాచర్‌తో. "మెల్లగ."

"మెల్లగ అంటే నాకు చెప్పాల్నా మేడం" అన్నాడు వాచర్. ఆ రోజు మొదటిసారి అవ్వ నవ్వింది.

సోమవారం జేసీబీ వచ్చింది, వాగు దగ్గర మొదలుపెట్టింది. దాని పని వేగం గురించి ఎవరూ ఫిర్యాదు చేయలేదు. కందకం పడమటి మూలకు చేరేసరికి కందులు కోసి, కళ్ళం చేసి, సంచులకెత్తడం కూడా అయిపోయింది. పని ముగిశాక కందకం అంచు కొలతలు తీసుకోవాలి కాబట్టి నేను మరోసారి వెళ్ళాను. కందకం ఆవలి ఒడ్డున, ఆమెవి కాకుండా పోయిన నాలుగు గుంటల్లో, కంది మోళ్ళు మాత్రం మిగిలాయి. ఆమె ఇవతల, తన చెల్కలో, ఎండిన కందికట్టెను పొయ్యికి పనికివచ్చేలా విరిచి మోపులు కడుతోంది.

"అయిపోయిందా సారూ?"

"అయిపోయింది అవ్వా."

"గిది పక్కానా?"

"పక్కానే. కొత్త నక్ష మీద మూడు సంతకాలూ అయ్యాయి."

"పాతదాని మీద గూడ మూడయినయి."

నేను యంత్రాన్ని పెట్టెలో పెట్టి మూత వేశాను.

"ఇంకెవలు రారు గద కొల్వ?" అని అడిగింది.

రారని చెప్పడం సులువు. కానీ నియమాల్లో అలా లేదు. ఏ శాఖ అయినా కారణం చూపి మళ్ళీ సర్వే కోరవచ్చు. నేను కాకపోతే నాలాంటి మరొకరు, ఇంకా మంచి యంత్రంతో, వస్తారు. ఉన్నది ఉన్నట్టే చెప్పాను.

ఆమె విన్నది. చేతిలోని కట్టెను మోకాలికి ఆనించి విరిచింది.

"వస్తే రానీ. యంత్రం వెట్టక ముందుగల్ల నన్ను అడుగుమను."

తప్పకుండా చెబుతానన్నాను. ఎవరికి చెబుతానో ఆమె అడగలేదు. మోపు చుట్టూ తాడు బిగించి, ముడి వేయడానికి కొసను వేలితో నొక్కి పట్టుకొమ్మని నన్ను పిలిచింది.